శిలపై చెక్కిన పశ్చాత్తాపము

తప్పు చేయని మానవుడు లోకమున లేడు. నడక నేర్చుకొను శిశువు దినమునకు పదిమార్లు పడును, పదిమార్లు లేచును. అయితే పడుటచేతనే నడక రాదు. పడిన ప్రతిసారియు కాలిని మునుపటికంటె వేఱు విధముగా మోపుటచేత వచ్చును. ఒకే తీరుగా అడుగు వేయుచుండినచో నూఱుమార్లు పడినను ఫలము లేదు. మన తప్పుల సంగతియు ఇట్టిదే. తప్పు తనంతట తాను ఎవరికిని బుద్ధి నేర్పదు. దానిని తప్పని గుర్తించి, నాదేయని ఒప్పుకొని, నడవడిని మార్చుకొన్నవానికే అది గురువగును.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు అని పెద్దలు పరిహాసము చేయుదురు. ఆ పరిహాసము న్యాయమైనదే. కాని రెండవమారు పొయ్యికడకు పోవునపుడైనను ఆకు చేతబట్టుకొని పోవువానిని ఎవరును పరిహసింపరు. వాడు వివేకి.

ఈ పాఠములో మీకు ఇద్దరి తప్పులను గూర్చి చెప్పెదను. ఒకరు భారతదేశమును ఏలిన చక్రవర్తి. రెండవవాడు ఒక పల్లెటూరి పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. చక్రవర్తి తప్పు చాల పెద్దది. ఉపాధ్యాయుని తప్పు దానితో పోల్చిన అణుమాత్రము. కాని చక్రవర్తి వ్రాయించిన మాటలను చూచిన పిమ్మటనే ఆ ఉపాధ్యాయుడు తన తప్పును చెప్పుకొనగలిగెను. ఆ ఉపాధ్యాయుడను నేనే.

కర్నూలు జిల్లాలో, గుత్తినుండి పత్తికొండకు పోవు మార్గమున ఎఱ్ఱగుడి యను గ్రామము కలదు. ఆ గ్రామ సమీపమున ఒక చిన్న కొండ యున్నది. ఎండకు కాలి, వానకు తడిసి, నల్లబడిన పెద్ద పెద్ద బండలు దానిపై పడియున్నవి. దూరమునుండి చూచువారికి అందు విశేషమేమియు కానరాదు. దగ్గరకు పోయి చూచినచో ఆ బండలపై వరుసలు వరుసలుగా బ్రాహ్మీలిపిలో అక్షరములు చెక్కబడియుండును. అవి అశోక చక్రవర్తి శాసనములు. ఆయన ప్రధాన శిలాశాసనములు పదునాలుగును, లఘు శిలాశాసనములును ఒక్కచోటనే లభించిన స్థలమది. 1929లో ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని చూచి లోకమునకు తెలియజేసెను. అంతకుముందు ఎన్నియో తరములవారు ఆ బండల నీడన పశువులను మేపుకొనుచు, ఆ గీతలు ఏమియో తెలియకయే యుండిరి.

అశోకుడు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున మగధను ఏలిన మౌర్యవంశపు రాజు. చంద్రగుప్త మౌర్యునికి మనుమడు, బిందుసారునికి కుమారుడు. ఆయన రాజధాని పాటలీపుత్రము, అనగా నేటి పాట్నా నగరము. తాత తండ్రులు సంపాదించిన రాజ్యము అప్పటికే మిక్కిలి విశాలముగా నుండెను. తూర్పు సముద్రతీరమున కళింగదేశము మాత్రము స్వతంత్రముగా నిలిచియుండెను. పట్టాభిషేకమైన ఎనిమిది సంవత్సరములకు, అనగా సుమారు క్రీ.పూ. 261 ప్రాంతమున, అశోకుడు కళింగముపై దండెత్తి దానిని జయించెను.

ఈ యుద్ధమును గూర్చి మనకు తెలిసినదంతయు దాదాపు అశోకుని నోటినుండియే వచ్చినది. ఆయన తన పదుమూడవ శిలాశాసనమున ఆ లెక్కలను తానే వ్రాయించెను. ఆ యుద్ధమున 1,50,000 మంది తమ నేలనుండి తరలింపబడిరి. 1,00,000 మంది హతులైరి. దానికి అనేక రెట్లు జనులు తదుపరి మరణించిరి. ఈ సంఖ్యలు గెలిచినవాడు చెప్పినవి. సామాన్యముగా గెలిచిన రాజులు ఇట్టి లెక్కలను తమ పరాక్రమమునకు గుర్తుగా చెప్పుకొందురు. అశోకుడు వానిని తన దుఃఖమునకు కారణముగా చెప్పెను.

ఆ శాసనమున ఆయన భావము ఇట్లున్నది: స్వతంత్రమైన దేశమును జయించునపుడు అచ్చట వధ, మరణము, నిర్బంధము తప్పవు. అది తన మనస్సునకు మిక్కిలి బరువుగానున్నది. అంతకంటె బరువైనది వేఱొకటి కలదు. ఆ దేశమున తల్లిదండ్రులయెడల, గురువులయెడల భక్తి గలవారు, మిత్రులను, బంధువులను, సేవకులను ఆదరముతో చూచువారు ఎందరో నివసించుచుండిరి. అట్టి సజ్జనులకును గాయములు, మరణములు, ఆప్తుల ఎడబాటు ప్రాప్తించినవి. తమకు స్వయముగా ఏ హానియు కలుగని వారుకూడ తమ స్నేహితులకు, చుట్టములకు కలిగిన ఆపదచే బాధపడిరి. నాడు కళింగమున పోయిన జనులలో నూఱవవంతో వేయవవంతో నేడు అట్టి దుఃఖము పొందినను అది తనకు దుర్భరమని ఆయన చెప్పెను.

విద్యార్థులారా! ఇందలి విశేషమును గమనింపుడు. అశోకుడు తన తప్పును సంఖ్యతో చెప్పి విడిచిపెట్టలేదు. ఆ సంఖ్య వెనుకనున్న మనుష్యులను చూచెను. కొడుకును కోల్పోయిన తండ్రిని, చెలికానిని పోగొట్టుకొన్న చెలికానిని తలచుకొనెను. మనవలన ఎవరు, ఎట్లు బాధపడిరో తెలిసికొననిదే తప్పు యొక్క బరువు మనకు తెలియదు.

పశ్చాత్తాపము కలిగినదని చెప్పుట సులభము. ఆ తరువాత ఏమి చేసితివని అడిగినపుడే దాని నిజము తేలును. అశోకుడు ఏమి చేసెనో ఆయన శాసనములే చెప్పుచున్నవి. ఆయుధముల విజయముకంటె ధర్మవిజయమే శ్రేష్ఠమని ప్రకటించెను. తన కుమారులు, మనుమలు క్రొత్త దండయాత్రలను తలపెట్టరాదనియు, ఒకవేళ విజయము అనివార్యమైనచో క్షమను, అల్పదండనను పాటింపవలెననియు కోరెను. వేటలకై సాగు విహారయాత్రలను మాని, పట్టాభిషేకమైన పది సంవత్సరములకు బుద్ధుడు జ్ఞానము పొందిన బోధగయకు పోయి, నాటినుండి ధర్మయాత్రలు చేయుచుండెను. మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పాటు చేసెను. మందుమూలికలు లేనిచోట వానిని తెప్పించి నాటించెను. బాటల ప్రక్కన చెట్లు పెంచి, బావులు త్రవ్వించెను. తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను, ప్రజల పనులను గూర్చి ఏ వేళనైనను వచ్చి తనకు విన్నవింపవచ్చునని అధికారులకు ఆజ్ఞ ఇచ్చెను.

వీనిలో నాకు మిక్కిలి ప్రియమైనది వంటశాలను గూర్చిన మాట. పూర్వము తన వంటశాలలో కూరకై ప్రతిదినము లక్షలాది ప్రాణులు చంపబడుచుండెడివనియు, ఈ శాసనము వ్రాయించునాటికి మూడే చంపబడుచున్నవనియు మొదటి శాసనమున చెప్పెను. ఆ మూడు రెండు నెమళ్లు, ఒక లేడి. ఆ లేడియు ప్రతిదినము కాదు. ఇకముందు ఈ మూడును చంపబడవు. చక్రవర్తి ఆ రెండు నెమళ్ల సంగతి చెప్పక దాచియుండవచ్చును. నేను మాంసమును పూర్తిగా మానితినని చెక్కించినచో కాదనువాడెవడు? కాని ఆయన ఎంత మానెనో అంతయే చెప్పెను, మిగిలినదియు చెప్పెను. మార్పు ఒక్క రాత్రిలో రాదు. ఎంతవరకు వచ్చినదో నిజముగా లెక్క చెప్పుకొనువాడే ముందునకు సాగును.

భక్తి విషయమునను ఆయన ఇట్లే నిజము చెప్పెను. ఎఱ్ఱగుడిలోనున్న లఘు శిలాశాసనమున, తాను ఉపాసకుడై రెండున్నర సంవత్సరములు దాటినదనియు, మొదటి సంవత్సరము తాను గట్టిగా ప్రయత్నింపలేదనియు, భిక్షుసంఘమును సమీపించిన పిదపనే శ్రద్ధతో పాటుపడితిననియు వ్రాయించెను. మతమును స్వీకరించిన మాత్రముననే తాను పుణ్యాత్ముడనైతినని ఆయన చెప్పుకొనలేదు. విశ్వాసము కూడ తడబడుచు, సవరించుకొనుచు నేర్చుకొనవలసిన నడకయే యని ఈ మాటవలన తెలియుచున్నది.

అన్ని మతములును ఈ సంగతిని ఎఱుగును. హిందువులకు ప్రాయశ్చిత్తము కలదు. బౌద్ధభిక్షువులు పక్షమునకొకసారి కూడి తమ దోషములను చెప్పుకొందురు. జైనులు సంవత్సరమున కొకసారి అందరిని క్షమాపణ వేడుదురు. ముస్లింలు తౌబా చేసి దేవునివైపు మరలుదురు. క్రైస్తవులు పాపములను ఒప్పుకొందురు. మానవుడు తప్పు చేయునని తెలిసియే వారు ఈ ద్వారములను తెరచి యుంచిరి.

అశోకుని దేవునిగా చేయుట నా ఉద్దేశము కాదు. ఆయన కళింగమును తిరిగి ఇచ్చివేసినట్లు శాసనములలో లేదు. సైన్యమును విడిచిపెట్టినట్లును లేదు. ఆ పదుమూడవ శాసనముననే, తాను పశ్చాత్తాపము పొందినను దండించు శక్తి కలవాడనేయని అడవి ప్రజలను హెచ్చరించెను. ఇంకొక చిత్రము కలదు. కళింగదేశములోని ధౌలి, జౌగడ అను తావులలో శాసనములు చెక్కించినపుడు ఈ పదుమూడవదానిని అచ్చట చెక్కింపలేదు. గాయపడిన జనుల కన్నుల యెదుట ఆ లెక్కలను నిలుపుట క్రూరమని తలచెనా, లేక గెలిచినవాని సంకోచమా? మీరే యోచింపుడు. దానికి బదులుగా అచ్చట అధికారులకు వేఱు ఆజ్ఞలను వ్రాయించెను. మనుష్యులందరును తన బిడ్డలని అందు చెప్పెను. కారణము లేకయే ఒకడు బంధింపబడుట, హింసింపబడుట జరుగుచున్నదనియు, అట్లు జరుగకుండ చూడవలెననియు హెచ్చరించెను. అసూయ, కోపము, కాఠిన్యము, తొందరపాటు, అభ్యాసము లేమి, సోమరితనము, అలసట అను ఏడు దోషములవలన న్యాయము తప్పునని లెక్కించి చెప్పెను. సౌమ్యులైన అధికారులను ఐదేండ్ల కొకసారి పర్యటనకు పంపి, ఈ ఆజ్ఞ అమలగుచున్నదో లేదో చూతుననెను.

ఆ ఏడింటిలో తొందరపాటు అను మాట నన్ను పట్టుకొన్నది. ఇక నా కథ చెప్పెదను.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న ఒక పాఠశాలలో ఒకనాడు పరీక్ష ఫీజు సొమ్ము కనబడలేదు. మధ్యాహ్నవేళ నా గదివద్ద ఒక బాలుడు నిలిచియుండగా చూచితిమని ఇద్దరు చెప్పిరి. అతడు కూలిపని చేసి బ్రదుకు కుటుంబమువాడు. ఎందులకు వచ్చితివని అడిగితిని. భయముచేత వానికి మాట పెగలలేదు. ఆ మౌనమునే నేను ఒప్పుకోలుగా తీసికొంటిని. అందరి యెదుట బెత్తముతో కొట్టి, ఇంటికి పంపితిని. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో బిడ్డలను కొట్టుటను నిషేధించినది. ఇది అంతకుముందటి మాట. కాని చట్టము లేనంతమాత్రమున నా చేత శుద్ధమైనది కాదు.

నాలుగు దినములకు ఆ సొమ్ము దొరకినది. నా బల్లపైనున్న పాత హాజరుపట్టీ పుటల నడుమ కవరుతోసహా ఉండెను. దానిని అచ్చట పెట్టినవాడను నేనే. గుండె ఝల్లుమన్నది. వెంటనే బాలుని పిలిపించి, "సరే, తరగతికి పొమ్ము" అంటిని. అంతకుమించి ఒక్కమాట చెప్పలేదు. ప్రధానోపాధ్యాయుడు పొరబడెనని తెలిసినచో పిల్లలు భయపడుదురా, ఉపాధ్యాయులు గౌరవింతురా అని నా మనస్సు నాకు నచ్చజెప్పినది. అది బడి గౌరవము కాదు, నా అహంకారమని అప్పుడు తెలియలేదు.

వారము గడచినది. బాలుని తండ్రి వచ్చి గడపవద్ద నిలిచెను. లోనికి రమ్మన్నను రాలేదు. "సామీ! దెబ్బ మానిపోతుంది. దొంగ అన్న పేరు మానదు. పెట్టినోళ్లు మీరే, మీరే తీయాల" అనెను. నేను "చూతములే" అని పంపివేసితిని.

తరువాతి శనివారము పిల్లలను ఎఱ్ఱగుడికి తీసికొనిపోయితిమి. బస్సులో ఆ బాలుడు లేడు. ఏలయని అడుగగా, "వాని ప్రక్కన ఎవరును కూర్చుండరు అయ్యా, అందుకే రాలేదు" అని ఒక పిల్లవాడు చెప్పెను. కొండయెక్కి, బండల కడ నిలిచి, కళింగయుద్ధమును గూర్చి నేను బహు ఉత్సాహముగా చెప్పుచుంటిని. అప్పుడొక బాలిక, "అయ్యా! ఆయన తప్పును ఆయనే రాతిమీద ఎందుకు వ్రాయించెను? ఊరకుండినచో ఎవరికి తెలియును?" అని అడిగెను.

నేను ఉత్తరము చెప్పలేకపోయితిని. రెండువేల రెండువందల యేండ్లకు పైగా ఆ అక్షరములు ఎండలో నిలిచియున్నవి. నా కవరు సంగతి నా బల్లలో దాగియున్నది.

సోమవారము ప్రార్థనవేళ ఆ బాలుని నా ప్రక్క నిలువబెట్టుకొని, జరిగినదంతయు చెప్పితిని. సొమ్ము ఎక్కడ దొరకినదో, ఎవరు పెట్టిరో, దొరకిన పిమ్మట ఎన్నిదినములు నేను నోరు మెదపలేదో చెప్పితిని. "ఈతడు దొంగ కాడు. తప్పు నాది" అని వానిని క్షమాపణ వేడితిని. సాయంకాలము వారి యింటికి పోయి తండ్రితోను అదే మాట చెప్పితిని. ఆయన ఏమియు అనలేదు. త్రాగుటకు నీళ్లు తెచ్చి యిచ్చెను.

నేను భయపడినట్లు నా గౌరవము పోలేదు. పిల్లలు ఆ బాలుని ప్రక్కన కూర్చుండసాగిరి. అంతటితో సర్వము సరియైనదని చెప్పినచో అది అబద్ధము. ఆ బాలుడు బడి విడుచువరకు నన్ను చూచినపుడు తల వంచుకొనియే పోవుచుండెను. ఒప్పుకోలు మున్ముందు జరుగబోవు కీడును ఆపును గాని, జరిగినదానిని జరుగనిదిగా చేయలేదు. కళింగమున పోయిన ప్రాణములును తిరిగి రాలేదు. అందువలననే తప్పును ఎంత త్వరగా ఒప్పుకొన్న అంత మేలు.

ఆనాటినుండి నేను ఒక నియమము పెట్టుకొంటిని. ఎవరిపైనైనను ఆరోపణ విన్నచో, ఒక రాత్రి గడువనిదే తీర్పు చెప్పరాదు. ఆ నియమము నన్ను పిమ్మట పలుమార్లు కాపాడినది. ఉద్యోగ విరమణ చేసిన తరువాతను దానిని విడువలేదు.

అశోకుడు ఒక స్తంభశాసనమున ఇంకొక మంచిమాట చెప్పెను. మనుష్యుడు తాను చేసిన మేలును చూచుకొని, ఈ మంచిపని నేను చేసితినని సంతోషించును. తాను చేసిన కీడును మాత్రము చూడడు. తన్ను తాను పరీక్షించుకొనుట కష్టమైన పని. అయినను చేయవలసిన పని. దీపము గదియంతయు వెలిగించును, దాని క్రింద చీకటి నిలుచును. ఆ చీకటిని చూడవలెనన్న దీపమును కొంచెము ఎత్తిపట్టుకొనవలెను.

విద్యార్థులారా! మీ లెక్కల పుస్తకమున తప్పుపోయిన లెక్కను చింపి పారవేయకుడు. ఎక్కడ తప్పినదో గీత గీసి, ప్రక్కనే సరియైనది చేయుడు. పరీక్షకు ముందు తిరుగవేసినపుడు, తప్పులేని పుటలకంటె ఆ పుటయే మీకు ఎక్కువ నేర్పును. తోడివానిని నొప్పించినచో, ఆ దినమే పోయి వానితో చెప్పుడు. చేయని తప్పును ఎవరిపైనను మోపకుడు. మోపినచో మోపిన తావుననే, విన్నవారి యెదుటనే దింపుడు.

వీలున్నపుడు ఎఱ్ఱగుడికి పోయి ఆ బండలను చూడుడు. రాజులు తమ విజయములను రాళ్లపై చెక్కించుట లోకమున సామాన్యము. ఒక రాజు తన తప్పును చెక్కించుట అరుదు. ఆ అరుదైన అక్షరములు మన నేలపై నున్నవి.

ప్రశ్నలు

1. తప్పు ఎట్టివానికి గురువగునని రచయిత చెప్పెను?
2. కళింగయుద్ధ ఫలితములను అశోకుడు ఏ శాసనమున, ఎట్లు వర్ణించెను?
3. వంటశాలను గూర్చిన మాటలో అశోకుని సత్యసంధత ఎట్లు కనబడుచున్నది?
4. సొమ్ము దొరకిన తరువాతను ప్రధానోపాధ్యాయుడు ఏల మౌనముగా నుండెను? అది సరియా? మీ అభిప్రాయము వ్రాయుడు.
5. ధౌలి, జౌగడలలో పదుమూడవ శాసనము లేకుండుటకు కారణమేమై యుండునో తరగతిలో చర్చింపుడు.